సైకిల్ చైన్ తెగిన చప్పుడు

కాలేజీ ఆవరణ. ఎదురుగా జేడీ, వాడి వెనకాల వాడి మనుషులు. ఈ పక్కన ఒక్కడే. ఆ ఊరికి కొత్త, ఆ కాలేజీకీ కొత్త. చుట్టూ మూగిన పిల్లలకి జరగబోయేదేంటో తెలుసు. జేడీకి ఎదురుతిరిగితే ఏమవుతుందో ఎరగనివాడు ఆ కాలేజీలో లేడు. కానీ ఈసారి ఆ కొత్త కుర్రాడు నెమ్మదిగా కిందికి వంగాడు. పక్కనున్న సైకిల్ చైన్ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తెగింది. దాన్ని తీరిగ్గా పిడికిలికి చుట్టుకున్నాడు...

1989 అక్టోబరు 5న విడుదలైన 'శివ'లో ఆ సన్నివేశాన్ని చూసి కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఆ తరం నాన్నలూ బాబాయిలూ ఇప్పటికీ ఆ సీను చెప్పేటప్పుడు చేయి పిడికిలి బిగిస్తారు, గమనించండి! అప్పటికి ఆ సినిమా దర్శకుడి వయసు 27. అంతకుముందు ఒక్క సినిమాకీ దర్శకత్వం వహించలేదు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కలేదు. పేరున్న దర్శకుల దగ్గర ఏళ్ల తరబడి క్లాప్ కొట్టిన అనుభవమూ లేదు. చదివింది సివిల్ ఇంజినీరింగ్. చేసింది వీడియో క్యాసెట్ల వ్యాపారం. పేరు పెన్మెత్స రాంగోపాల్‌వర్మ.

ఇంత తక్కువ తెలిసినవాడు అంత భయం పుట్టించే సినిమా ఎలా తీశాడు? జవాబు సైకిల్ చైన్‌లోనే ఉంది. అప్పటిదాకా తెలుగు తెరమీద హీరో చేతికి తుపాకీయో కత్తో ఇచ్చేవారు. కనీసం పక్కనున్న దుంగయినా పెకలించేవాడు. శివ చేతికి దొరికింది మాత్రం హాలు బయట స్టాండులో టోకెన్ తగిలించి పెట్టొచ్చిన మన సైకిల్‌కుండే చైన్. భయం ఎక్కడో విలన్ గుహలో లేదు, మన వీధి చివర ఉంది అని ఆ కుర్ర దర్శకుడికి తెలుసు. తెలియడానికి కారణం ఉంది.

కానూరు నుంచి అమీర్‌పేట దాకా

వర్మ నాన్నగారు అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. కాబట్టి సినిమా వాసన ఇంట్లో కొత్తదేం కాదు. కానీ ఇంజినీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాడు. కానూరులోని సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడ పాఠాల కన్నా సినిమా హాళ్ల టైమింగులు బాగా వచ్చని వర్మ తన 'నా ఇష్టం' పుస్తకంలోనూ ఇంటర్వ్యూల్లోనూ దాచుకోకుండా చెప్పుకున్నాడు. ఇంకోటి కూడా అక్కడే వంటబట్టింది. బెజవాడ వీధుల్లో వర్గాలు ఎలా నడుస్తాయో, ఎవరి పేరు చెబితే ఎవరు పక్కకి తప్పుకుంటారో, కాలేజీ కుర్రాళ్లు ఆ పేర్లను ఎంత ఆరాధనగా తలుచుకుంటారో కళ్లారా చూశాడు.

చదువయ్యాక హైదరాబాద్‌లో అప్పుడు కడుతున్న కృష్ణా ఒబెరాయ్ హోటల్ సైటులో ఇంజినీరు. తర్వాత నైజీరియా వెళ్దామనుకున్నాడు. జీతం బాగా వస్తుందని ఎనభైల్లో చాలామంది ఇంజినీర్లు చేసిన ఆలోచనే. ఈలోగా ఒక వీడియో లైబ్రరీ చూశాడు. వీసీఆర్లు మధ్యతరగతి ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. అద్దెకి క్యాసెట్లిచ్చే కొట్టు పెడితే లాభానికి లాభం, సినిమాలకి సినిమాలు. నైజీరియా ప్రయాణం ఆగిపోయింది. అమీర్‌పేటలో కొట్టు వెలిసింది.

ఇవాళ్టి పిల్లలకి ఆ కొట్టు విలువ చెప్పడం కష్టం. అప్పుడు ఒక ఇంగ్లిష్ సినిమాను మళ్లీ చూడాలంటే అది ఊళ్లోకి మళ్లీ రావాలి. క్యాసెట్ ఉన్నవాడు మాత్రం ఒకే సన్నివేశాన్ని వెనక్కి తిప్పి పదిసార్లు చూడొచ్చు. కెమెరా ఎక్కడ పెట్టాడు, ఎప్పుడు కట్ చేశాడు, చప్పుడు ఎక్కడ ఆపాడు... ఒక రకంగా వర్మకి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అదే, రివైండ్ బటనే మాస్టారు.

తర్వాత బి.గోపాల్ దర్శకత్వంలో 'కలెక్టర్‌గారి అబ్బాయి' (1987)కి, ఆ మరుసటేడు 'రావుగారి ఇల్లు'కి సహాయకుడిగా పనిచేశాడు. రెండింట్లోనూ అక్కినేని నాగేశ్వరరావు ఉన్నారు. మొదటిదాంట్లో నాగార్జున కూడా ఉన్నాడు. ఆ సెట్లలో వర్మ నేర్చుకున్న పని ఎంతో తెలీదుగానీ, సంపాదించిన పరిచయాలు మాత్రం గట్టివి. అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర నిర్మాతలుగా, నాగార్జున హీరోగా తొలి సినిమా ఖాయమైంది. 'విక్రమ్' (1986)తో వచ్చిన నాగార్జునకి అప్పటికి మూడేళ్ల అనుభవం. 'మజ్ను', 'ఆఖరి పోరాటం' చేశాడు. నాన్న నీడ నుంచి బయటికి రావాలన్న ఆరాటం ఉంది. 1989 మే నెలలో మణిరత్నం 'గీతాంజలి', అక్టోబరులో 'శివ'... ఒకే ఏడాది ఈ రెండూ చేతికి రావడం అదృష్టమే. కానీ పేరులేని కుర్రాణ్ని నమ్మడం మాత్రం అదృష్టం ఖాతాలో వేయకూడదు. ఆ మాట నాగార్జునకి దక్కాల్సిందే.

రోమ్‌లో హోటలు... ఇక్కడ కాలేజీ

'శివ' కథ ఎక్కడి నుంచి పుట్టిందో తెలిస్తే నవ్వొస్తుంది. బ్రూస్‌లీ 'వే ఆఫ్ ది డ్రాగన్' (1972) గుర్తుందా? రోమ్‌లో ఒక చైనా హోటలుంటుంది. దాన్ని కాజేయాలని స్థానిక ముఠా బెదిరిస్తుంటుంది. హాంకాంగ్ నుంచి బ్రూస్‌లీ వస్తాడు. తంతాడు. ఆ హోటలును కాలేజీగా మార్చేస్తే శివ అయిందని వర్మే చెప్పాడు. గోవింద్ నిహలానీ 'అర్ధసత్య', రాహుల్ రవైల్ 'అర్జున్' ప్రభావాన్నీ ఒప్పుకున్నాడు. 'గాడ్‌ఫాదర్' సంగతి సరేసరి.

అయితే రోమ్‌లోని హోటలు అనకాపల్లి ప్రేక్షకుడికి పరాయిది. కాలేజీ అలా కాదు. ప్రతి ఇంట్లోంచి ఎవరో ఒకరు రోజూ అక్కడికి వెళ్తారు, సాయంత్రం క్షేమంగా తిరిగి రావాలని అమ్మ ఎదురుచూస్తుంది. అసలు మలుపు అక్కడే ఉంది. ఎనభైల్లో కాలేజీ గొడవలు కట్టుకథలు కావు. 1972 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జార్జిరెడ్డి హత్య జరిగిన దగ్గర్నుంచీ క్యాంపస్ హింస తెలుగువాళ్ల ఇళ్లలో మాట్లాడుకునే విషయమే. ఎన్నికలొస్తే హాకీ కర్రలు, గొలుసులు, బయటి మనుషులు. చివరికి 1980ల ఆఖర్లో రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలే ఆగిపోయాయి.

విజయవాడ సంగతి ఇంకో మెట్టు పైన. 1988 డిసెంబరు 26న అక్కడ నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను నరికి చంపారు. ఊరు తగలబడింది. కర్ఫ్యూ పెట్టారు. అంతకుముందే ఆ ఊళ్లో రెండు వర్గాల పగల్లో పేరున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ డిసెంబరు తర్వాత పది నెలలైనా తిరక్కుండానే 'శివ' వచ్చింది. సినిమాలో ఊరి పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏ ప్రేక్షకుడికీ కనపడలేదు. బెజవాడ నేపథ్యంతో పేర్లు పెట్టి మరీ వర్మ సినిమా తీయడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ 'వంగవీటి' వచ్చింది 2016లో.

అరవని విలన్

ఆ రోజుల్లో తెలుగు విలనంటే ఒక లెక్కుంది. గోడలనిండా రంగు రంగుల లైట్లు, మధ్యలో తిరిగే కుర్చీ, పక్కన ఒక డాన్సరు, చేతిలో గ్లాసు. వికటాట్టహాసం తప్పనిసరి. పల్లెటూరి కథయితే డెన్ బదులు మేడ, గ్లాసు బదులు చుట్ట... అంతే తేడా!

కాకపోతే దీనికి మినహాయింపులు లేకపోలేదు. న్యాయంగా చెప్పాలంటే 1985లో టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన' ముందే ఈ వీధిలోకి వచ్చింది. పట్టపగలు హత్య చేసే రౌడీ కాళి, వాడి వెనక రాజకీయం, వాడి మీద గొడ్డలెత్తిన లెక్చరర్... ఆ సినిమా చూసి ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు, మగవాళ్లు తల దించుకున్నారు. కానీ 'ప్రతిఘటన' ప్రతి సన్నివేశంలోనూ మనల్ని నిలదీస్తుంది. ఉపన్యాసం దాని బలం. వర్మకి ఉపన్యాసాలతో పనిలేదు. రౌడీ మంచివాడా చెడ్డవాడా అని వాదించడు. వాడు పొద్దున లేచి ఏం చేస్తాడో చూపిస్తాడు.

భవాని అలా పుట్టాడు. రఘువరన్ అప్పటికే చిరంజీవి 'పసివాడి ప్రాణం'లో విలన్‌గా తెలుగువారికి పరిచయం. బక్కపల్చటి పొడుగాటి మనిషి. ఇక్కడ వర్మ అతనికి ఇచ్చిన వేషం ఏమిటంటే... వేషమే లేదు. మామూలు చొక్కా, మామూలు ఇల్లు. మాట్లాడేటప్పుడు గొంతు పెంచడు. ఎదుటివాడు చెబుతుంటే వింటాడు. ఎప్పుడు కొడతాడో తెలియదు కాబట్టి వింటున్నప్పుడే భయమేస్తుంది. అరిచే విలన్ అరవడం ఆపగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. అరవనివాడి దగ్గర ఆ వెసులుబాటు లేదు.

భవాని కింద గణేష్ (విశ్వనాథ్), పక్కన నానాజీ (తనికెళ్ల భరణి). కాలేజీలో అతని మనిషి జేడీ (జె.డి.చక్రవర్తి). పైన రాజకీయ నాయకుడు మాచిరాజు (కోట శ్రీనివాసరావు). ఈ నిచ్చెనను గమనిస్తే సినిమా చెప్పదలచుకున్నది మొత్తం అందులోనే ఉంది. క్లాసులకి ఎగనామం పెట్టి క్యాంటీన్‌లో గొడవపడే కుర్రాడికి ఒకరోజు భుజం తట్టే పెద్దమనిషి దొరుకుతాడు. ఆ పెద్దమనిషికి పైన ఇంకో పెద్దమనిషి. జేడీకి మాచిరాజు ముఖమైనా తెలియనక్కర్లేదు, కానీ వాడు వేసే ప్రతి దెబ్బ లాభం మాచిరాజు దాకా పాకుతుంది. భవానికి గడ్డుకాలం వచ్చినప్పుడు మాచిరాజు చేయి వదిలేయడానికి చూస్తాడు చూడండి... ఆ ఒక్క సన్నివేశానికే కోటను మెచ్చుకోవాలి. ఏ అరుపూ లేకుండా, ఏదో బేరం కుదరక లేచిపోతున్న వ్యాపారిలా కనిపిస్తాడు.

భరణి సంగతి ప్రత్యేకం. అప్పటికి ఆయన రచయిత. వంశీ 'లేడీస్ టైలర్' మాటలతో నవ్వించిన మనిషి. అటువంటి వ్యక్తి చేత రౌడీల సినిమాకి మాటలు రాయించడమే ఒక వింత. మాటలు తగ్గించమని అడగడం ఇంకో వింత. ఫలితం? 'శివ'లో రౌడీలు డైలాగులు చెప్పరు, మాట్లాడుకుంటారు. పని చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య రోజూ నడిచే పొడి పొడి మాటలు. ఇక నానాజీగా ఆయనే తెరమీదికొచ్చాక పరిశ్రమకి ఒక కొత్త నటుడు దొరికాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ ముఖం లేని తెలుగు సినిమాలు తక్కువ.

చప్పుడు ఎప్పుడు ఆపాలి

కాలేజీ ముందు ఒక కారు ఆగుతుంది. మనుషులు దిగుతారు. క్షణాల్లో కర్రలు లేస్తాయి. పిల్లలు పడిపోతారు. కారు వెళ్లిపోతుంది. ఎవరు, ఎందుకు... ఎవరూ చెప్పరు. సినిమా ఇలా మొదలవుతుంది. పెద్ద పెద్ద మాటలు లేవు, పరిచయాలు లేవు. హీరో ఇంకా రాలేదు కూడా. ఈ మొదటి నిమిషాలతోనే హాల్లో పల్లీలు నమలడం ఆగిపోయిందని చెప్పుకునేవారు ఉన్నారు.

వర్మ నాన్నగారు సౌండ్ ఇంజినీరని ముందే అనుకున్నాం కదా. కొడుకు తొలి సినిమా అందరికీ గుర్తుండిపోయింది చప్పుళ్లతో. అప్పట్లో ఫైటంటే 'డిష్యుం డిష్యుం'. వంద మందిని కొట్టినా ఒకటే చప్పుడు. దానికి తోడు ఆపకుండా మోగే వాయిద్యాలు. 'శివ'లో దెబ్బకి దెబ్బ చప్పుడుంటుంది. పరిగెడితే బూటు చప్పుడు వినిపిస్తుంది. ఇళయరాజా నేపథ్య సంగీతం ఎంత గొప్పదో, అది ఆగిపోయిన చోట్లు కూడా అంతే గొప్పవి. సైకిల్ చైన్ సీను మళ్లీ చూడండి. చైన్ తెగే ముందు ఉన్న నిశ్శబ్దమే దాన్ని అంత పెద్దగా వినిపిస్తుంది.

కెమెరా సంగతికొస్తే ఎస్.గోపాల్‌రెడ్డి చేతిలో ఒక కొత్త పనిముట్టు ఉంది. స్టడీక్యామ్. గారెట్ బ్రౌన్ అనే అమెరికా కెమెరామన్ 1970ల్లో తయారుచేసింది. కెమెరామన్ ఒంటికి కవచంలాంటి పట్టీ కడతారు, దానికో స్ప్రింగుల చేయి, ఆ చేతికి కెమెరా. మనిషి పరిగెత్తినా మెట్లెక్కినా బొమ్మ కుదుపు లేకుండా జారుతుంది. హాలీవుడ్‌లో 'రాకీ', 'ద షైనింగ్' సినిమాలతో దానికి పేరొచ్చింది. మనదగ్గర అప్పటిదాకా కెమెరా కదలాలంటే నేలమీద పట్టాలు పరిచి ట్రాలీ తొయ్యాలి. పట్టాలు కనపడకూడదు కాబట్టి కెమెరా ఎటు పడితే అటు తిరగలేదు. స్టడీక్యామ్‌ను ఇంత ధారాళంగా వాడిన తొలి తెలుగు సినిమాల్లో 'శివ' ఒకటి. సందుల్లో పరుగులు, మేడమెట్ల మీద వెంటాడటాలు... మనమే వాళ్ల వెనకాల పరిగెడుతున్నట్టు ఉంటుంది. చూసేవాళ్లకి స్టడీక్యామ్ పేరు తెలీదు. ఒళ్లు జలదరించడం మాత్రం తెలుసు.

పాటలు? ఉన్నాయి. బోటనీ పాట అప్పటి ప్రతి కాలేజీ వార్షికోత్సవంలోనూ మోగింది. కానీ నిజం చెప్పుకోవాలంటే కథకి పాటలు అడ్డమే. కత్తి అంచున నడుస్తున్న కథ ఉన్నట్టుండి డ్యూయెట్‌కి పోతుంది. ఆ రోజుల్లో పాటల్లేకుండా బయ్యర్లు సినిమా కొనరు కాబట్టి కుర్ర దర్శకుణ్ని క్షమించొచ్చు.

చైన్ నిజంగా తెగుతుందా?

సినిమా వచ్చిన కొత్తల్లో ప్రతి ఊళ్లోనూ నడిచిన చర్చ ఇది. సైకిల్ షాపు మేస్త్రీలకి మాత్రం అనుమానమే లేదు. సైకిల్ చైన్ అరంగుళానికో లింకు చొప్పున వందకి పైగా ఉక్కు లింకుల దండ. నిండు మనిషి పెడల్ మీద నిలబడి తొక్కినా తట్టుకునేలా చేస్తారు. అది విప్పాలంటే ఒకచోట క్లిప్పు లింకు ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో తీయాలి. చేత్తో లాగితే మహా అయితే పళ్ల చక్రం మీద నుంచి జారుతుంది, వేళ్లకి గ్రీజు అంటుకుంటుంది. పైగా మన పాతకాలం సైకిళ్లకి చైన్ కవరొకటి! అయినా కుర్రాళ్లు లాగారు. వేళ్లు కోసుకున్నారు. నాన్న చేత తిట్లు తిన్నారు. కాలేజీ బ్యాగుల్లోకి చైన్లు చేరాయన్న మాట కూడా అప్పట్లో గట్టిగానే వినిపించింది.

ఇక్కడే పెద్దవాళ్లకి అప్పుడూ ఇప్పుడూ ఒక అభ్యంతరం ఉంది. రౌడీయిజం తప్పని చెబుతూనే రౌడీని కొట్టే పద్ధతిని పిల్లలకి నేర్పలేదా ఈ సినిమా? అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. ఆ చైన్ సీను తీసిన తీరులో హింస మీద మోజుంది. శివ ముఖంలో కోపం కన్నా హుందాతనం ఎక్కువ. పదిహేడేళ్ల కుర్రాడు దాన్ని చూసి పిడికిలి బిగించకుండా ఉండగలడా?

కానీ సినిమా చైన్ దగ్గర ఆగలేదు. ఆగి ఉంటే అది ఇంకో ఫైట్ల సినిమా అయ్యేది. జేడీని కొట్టిన రోజు నుంచి శివ పోగొట్టుకున్నవాటి లెక్క చూడండి. కాలేజీ ఎన్నికల్లో స్నేహితుడు నరేష్ (శుభలేఖ సుధాకర్)ను నిలబెడితే అతన్ని విరగ్గొట్టారు. ఇంకో స్నేహితుడు మల్లి (చిన్నా)ని వెంటాడి వెంటాడి చంపారు. ఆ చావు తెలుగు సినిమాలో అప్పటిదాకా చూసిన చావుల్లాంటిది కాదు. చివరి మాటలుండవు, ఒళ్లో తల పెట్టుకోవడం ఉండదు. ఒక భయపడ్డ కుర్రాడు పరిగెత్తి పరిగెత్తి అలసిపోతాడు, అంతే. నీడ ఇచ్చిన అన్నయ్య (మురళీమోహన్) ఇంట్లో నిద్ర కరవవుతుంది. ఆఖరికి ఆ ఇంట్లో ఆడుకునే చిన్నపిల్ల కూడా మిగలదు. మేడమీద భవానిని చంపేనాటికి శివ గెలిచాడనడానికి ఎవరికీ నోరు రాదు.

శివకీ భవానికీ మధ్య ఉన్న గీత సినిమా సాగేకొద్దీ పల్చబడుతుంది. అతనూ మనుషుల్ని కూడగడతాడు, అతని మాటకీ జనం పక్కకి తప్పుకుంటారు. ఆశ (అమల) కళ్లలో ఉన్న భయం అందుకే. రౌడీని ఎదిరించినవాడు రౌడీ కాకుండా ఇంటికి తిరిగి రాగలడా అన్న ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా వదిలేశాడు వర్మ. హాల్లో చాలామంది ఆ ప్రశ్న వినలేదు. చైన్ చప్పుడే విన్నారు. ఆ తర్వాతి కాలంలో రౌడీయే హీరో అయిన సినిమాలు వరస కట్టడానికి ఇదొక కారణం. వాటిని తీసినవాళ్లు 'శివ'లో కొట్టడం వరకే నేర్చుకున్నారు. ఆ వరసలో వర్మ సొంత సినిమాలు కొన్నింటిని చేర్చినా తప్పులేదు.

ఒక సెట్టు నుంచి ఇంతమందా!

సినిమా ఘనవిజయం. దర్శకుడు, తొలి చిత్ర దర్శకుడు, మాటల రచయిత... మూడు నందులు వచ్చాయి. తమిళంలో 'ఉదయం' పేరుతో డబ్ చేస్తే అక్కడా ఆడింది. 1990 డిసెంబరులో అదే పేరుతో హిందీలో తీశారు. నాగార్జునకి హిందీలో అదే మొదటి సినిమా. తెలుగు వాళ్లకి ఇంకో ముచ్చట, తెరమీది శివ-ఆశ 1992లో నిజంగానే పెళ్లి చేసుకున్నారు.

అంతకన్నా విశేషం సెట్లో పరుగులు తీసిన కుర్రాళ్ల సంగతి. అప్పుడు సహాయకుడిగా ఉన్న శివనాగేశ్వరరావు 1993లో 'మనీ' తీశాడు. కృష్ణవంశీ 1995లో 'గులాబి'తో దర్శకుడయ్యాడు. రెండింటికీ నిర్మాత వర్మే, రెండింట్లోనూ హీరో మన జేడీయే! కెమెరా వైపు పనిచేసిన తేజ 2000లో 'చిత్రం' తీసి ఇంకో కొత్త గుంపును తెచ్చాడు. అనుభవం లేకపోవడం కూడా ఒక అర్హతే అన్న ధైర్యం ఆ సెట్టులోనే వాళ్లకి వచ్చి ఉండాలి. వర్మ మాత్రం 'క్షణక్షణం', 'గాయం' చేసి బొంబాయి బండెక్కాడు. 1998లో అక్కడి చీకటి సామ్రాజ్యం మీద 'సత్య' తీశాడు. ఊరికి కొత్తగా వచ్చి రౌడీ చెంప పగలగొట్టే ఆ కుర్రాడి పాత్రలో ఎవరు? మళ్లీ చక్రవర్తి. 'శివ'లో తన్నులు తిన్నవాడే.

ముప్పై ఆరేళ్ల తర్వాత క్షమాపణ

భవాని ఇప్పుడు లేడు. రఘువరన్ 2008 మార్చిలో కన్నుమూశాడు. 2025 జులైలో కోట శ్రీనివాసరావు వెళ్లిపోయారు. అదే ఏడాది నవంబరు 14న అన్నపూర్ణ స్టూడియో యాభై ఏళ్ల సందర్భంగా 'శివ'ను 4కె బొమ్మతో మళ్లీ థియేటర్లకి తెచ్చారు. అప్పట్లో ఒకే స్పీకర్‌లోంచి వచ్చిన మోనో శబ్దాన్ని విడదీసి డాల్బీ అట్మాస్‌లోకి మార్చారు. చైన్ చప్పుడు ఈసారి హాలు నాలుగు వైపుల నుంచీ వినిపించింది. తొలిసారి చూసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆ హడావుడి మధ్యలో చిన్న వార్త ఒకటి వచ్చింది. సినిమాలో శివ తన అన్న కూతురిని సైకిల్ మీద తీసుకెళ్తుంటే రౌడీలు కారులో వెంటపడే ఛేజ్ అందరికీ గుర్తే. సైకిలెక్కడ, కారెక్కడ! ఇరుకు సందులు, గోడల మధ్య మలుపులు... గుండె నోట్లోకి వస్తుంది. ఆ పాప వేసిన అమ్మాయి పెద్దయి ఎక్కడో తన బతుకు తాను బతుకుతోంది. విడుదలకి ముందు వర్మ ఆమెకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మంచి షాట్లు రావాలన్న దర్శకుడి దురాశలో అంత చిన్నపిల్లని అంతటి ప్రమాదకరమైన షాట్లలో కూర్చోబెట్టాననీ, ఆ పిల్ల ఎంత భయపడుతోందో అప్పుడు తనకి తట్టలేదనీ ఒప్పుకున్నాడు.

ఎవరికీ ఏ విషయంలోనూ సంజాయిషీ ఇవ్వనని దశాబ్దాలుగా చెప్పుకుంటున్న మనిషి వర్మ. అందుకే ఆ నాలుగు మాటలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి. 1989లో ఆ ఛేజ్ చూసి పిల్ల ఎంత బాగా నటించిందో అని మెచ్చుకున్నవాళ్లు 2025లో మళ్లీ హాల్లో కూర్చుని ఆ ముఖాన్ని చూశారు. 4కెలో ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.